మట్టి అసురుడి పొట్ట

నా చిన్నప్పుడు మా ఇంటిని ఊళ్ళో అందరూ ‘పొట్ట ఇల్లు’ అనేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరు విని, ఈ ఇంట్లో అందరూ తిండిపోతులేమో అనుకునేవారు. నిజానికి మేము బక్కపలచని మనుషులం. మేకలు మేపుకుంటూ, వాన పడితే రాగులు, ఉలవలు వేసుకుంటూ బతికేవాళ్ళం. ఆ పేరు మాకు జాతర వల్ల వచ్చింది.

మాది హోసూరుకు అవతల, మత్తూరు దగ్గర ఒక పల్లె. ఎండాకాలంలో, మామిడికాయలు కోతకు వచ్చే రోజుల్లో, మా ఊరి అమ్మవారికి జాతర జరిగేది. చివరి రోజున అమ్మ అసురుణ్ణి చంపుతుంది. ఆ అసురుణ్ణి గుడి ముందున్న బయలులో మట్టితో చేస్తారు. వెల్లకిలా పడుకున్నట్టు, ఎడ్లబండి కన్నా పొడుగ్గా చేస్తారు. ఏ భాగం ఏ ఇంటివాళ్ళు చేయాలన్నది పెద్దల కాలం నుంచి ఉన్న కట్టుబాటు. తల కుమ్మరి ఇంటివాళ్ళది. చేతులు ఒక ఇంటివి, కాళ్ళు ఇంకొక ఇంటివి. పక్కటెముకల నుంచి నడుము దాకా మాది. ఎవరైనా తమ వంతు చేయలేకపోతే అది వేరే ఇంటికి పోతుంది. ఒకసారి పోయిందంటే మళ్ళీ తిరిగి రాదు.

మట్టి ఎవరైనా మోస్తారు. కష్టమంతా గీతలోనే ఉంది. ముందు నేల మీద సున్నపు నీళ్ళతో బొమ్మ గీయాలి. దాని మీద వంక నుంచి తెచ్చిన బంకమట్టి పోసి మెత్తాలి. అది పచ్చిగా ఉన్నప్పుడే వెదురు పుల్లతో, బొటనవేలితో కండల గీతలు దిద్దాలి. మా ఇంట్లో ఆ గీత మా తాతది. ఆయన గీసిన పొట్టను చూస్తే, మట్టి ఇప్పుడో ఇంకాసేపటికో ఊపిరి పీలుస్తుందని అనిపించేది. పిల్లలం దాని పక్కన కూర్చుని, పైకి లేస్తుందా లేదా అని పందేలు వేసుకునేవాళ్ళం.

తొంభైల మొదట్లో, నాకు పదేళ్ళో పదకొండేళ్ళో ఉన్నప్పుడు, తాత కళ్ళకు పొరలు కమ్మాయి. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండో కంటితో, ముఖానికి ఆనించి పెట్టుకుంటే తప్ప ఏమీ చూడలేకపోయేవాడు. మా నాన్న హోసూరులో కంపెనీ పనికి పోయి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. ఆయనకు బొమ్మల మీద ధ్యాస లేదు. జాతర చాటింపు అయిన మర్నాడే, కుమ్మరి ఇంటి పెద్దాయన మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తాతతో కలిసి మేకలు కాసినవాడే. కానీ తలకు తోడు పొట్ట కూడా తమ ఇంటికి రావాలని ఆయనకు ఎప్పటినుంచో ఉంది.

“కండ్లు కనపడని మనిషివి, గీత ఎట్ల గీస్తావన్నా? ఈ యేటికి పొట్ట కూడా మేమే చూసుకుంటాము. నువ్వు గమ్మున నీడలో కూర్చో.”

“నాకు కనపడకుంటే ఏమప్పా, మా పాపకు కనపడతాది గదా” అన్నాడు తాత.

పెద్దాయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. నేను మేకపిల్లకు పాలు పట్టిస్తున్నాను. “ఈ పాపనా?”

“ఊరి బయట బండల మీద ఉండే మేకలన్నీ ఎవరు గీసినారనుకున్నావు?”

“మేకల్ని గీస్తాది సరే. అసురుడేమన్నా మేకనా?”

పెద్దాయన వెళ్ళాక తాత చాలాసేపు తన అరచేతులను ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఈ వంతు ఇల్లు దాటి పోతే తాత మళ్ళీ జాతరకు రాడని నాకు ఆ రోజే అర్థమైంది. 

నేను బడికి పోలేదు. మేకలు నా వంతు. మేకలు మేస్తుంటే నేను బొగ్గు ముక్కలతో బండల మీద గీస్తుండేదాన్ని. మా వైపు బండలకు కొదవ లేదు. గోడలంత నున్నగా, ఏనుగులంత పెద్దగా ఉంటాయి. తాత నన్ను ఒక పరుపు బండ దగ్గరికి తీసుకుపోయి, మనిషి పొట్టను గీయమన్నాడు. నేను తలెత్తకుండా గీశాను. చేతులు నల్లబడేదాకా గీసి, చూడమన్నాను. తాత మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు బండకు తగిలేంతగా వంగి, గీత వెంబడి మెల్లగా పాకుతూ చూశాడు. బొడ్డు దాకా వచ్చి ఆగాడు.

“పాపా, ఎడమ పక్క ఇంత ఉబ్బుగా ఉండాదేంది? కుడి పక్క ఏమిటికి లేదు?”

“మేత నిండితే ఎడమ డొక్కే కదా తాతా ఉబ్బేది!”

మేకలు కాసేవాళ్ళందరికీ తెలిసిన సంగతే అది. మేక కడుపు నిండిందా లేదా అని ఎడమ డొక్కలోనే చూస్తాం. గుంట పడి ఉంటే ఆకలి, ఉబ్బి ఉంటే నిండినట్టు. సాయంత్రం మందను తోలుకొచ్చేటప్పుడు ప్రతి మేకకూ ఎడమ పక్కన నడిచి చూసుకోవడం నాకు అలవాటు. మనిషికీ అంతే అనుకున్నాను.

తాత నవ్వడం మొదలుపెట్టాడు. ముక్కు మీద బొగ్గు మసితో, బండ మీద వెల్లకిలా పడిపోయి నవ్వాడు. “ఆ కుమ్మరోడు మేకా అని అడిగినాడు గదే! వాడి నోటిమాట నిజం చేసినావు గదే పాపా!” అంటూ, ఆపుకోలేక దగ్గుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

నాకు ఏడుపు వచ్చింది. తల దించుకున్నాను. దించుకున్న చూపు తాత పొట్ట మీద పడింది. చొక్కా లేని ముసలి ఒళ్ళు ఆయనది. నవ్వు లోపలి నుంచి తన్నుకొస్తున్న ప్రతిసారీ ఆ ఎండిన చర్మం కింద ఏదో పైకి తేలుతోంది. పక్కటెముకల కింది నుంచి రెండు పట్టీలు, బొడ్డుకు అటొకటి ఇటొకటి, కిందికి దిగుతున్నాయి. వాటి నడుమ సన్నని కాలువలాంటి పల్లం ఉంది. నవ్వు ఆగితే అవి మునిగిపోయేవి. మళ్ళీ నవ్వితే తేలేవి.

“తాతా, నవ్వు! ఇంకొంచెం నవ్వు!” అన్నాను.

తాతకు నేను దేన్ని చూస్తున్నానో తెలిసిపోయింది. నవ్వు ఆపి, నా చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద పెట్టుకున్నాడు. తల, భుజాలు మాత్రం బండ మీది నుంచి కొంచెం పైకెత్తాడు. నా అరచేతి కింద అంతా రాయిలా అయింది.

“యాడ బిగిసింది, చూడు. ఆడ గీత పెట్టు. యాడ మెత్తగా ఉండాది? ఆడ గీత వద్దు. ఉత్త మట్టినే ఉండనీ.”

అలా వేలితో తడుముతూ నేర్చుకున్నాను. రెండు పట్టీలను అడ్డంగా కోసే గీతలు ఉంటాయి. అవన్నీ బొడ్డుకు పైనే. బొడ్డు కింద అడ్డగీత ఉండదు, పట్టీలు నున్నగా, దగ్గరగా సాగిపోతాయి. ఆ అడ్డగీతలు కూడా కొలిచి కొట్టినట్టు తిన్నగా ఉండవు, ఒక పక్కది కొంచెం ఎక్కి, ఇంకో పక్కది కొంచెం దిగి ఉంటుంది. పక్కన డొక్కల్లోని కండ ఏటవాలుగా ముందుకు వచ్చి, ఈ పట్టీల అంచుకు ఆనుకుంటుంది. వీటికి వేటికీ పేర్లు తాతకు తెలియవు, నాకు ఇప్పటికీ తెలియవు. ‘నిలువు కండ, వాలు కండ’ అనేవాడు, అంతే. 

తాతది ఎండిపోయిన ఒళ్ళు కదా, బలమైన పొట్టలు కూడా చూడాలనిపించింది. రోడ్డు పక్క మామిడికాయల మండీకి మేకలను తోలుకుపోయాను. లారీలకు గంపలు ఎత్తేవాళ్ళు లుంగీలు మడిచి కట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని పనిచేస్తుంటారు. గంప నేల నుంచి లేచేటప్పుడు పొట్ట ఎలా ఉంటుంది, తలకెక్కినాక ఎలా మారుతుంది, దించేటప్పుడు ఏమవుతుంది అని కళ్ళార్పకుండా చూస్తూ నిలబడేదాన్ని. ఒకాయన గంప దించి నడుము మీద చేతులు పెట్టుకుని అడిగాడు.

“ఏం పాపా, నా పొట్ట మీద ఏమన్నా రాసుండాదా?”

పక్కనున్నతను అందుకున్నాడు. “కాయలు తిన్నాడా అని చూస్తా ఉండాదిరా! ఓనరు పంపించినట్టుండాడు!”

అందరూ నవ్వారు. నేను మేకల్ని అదిలించుకుంటూ పరుగెత్తాను. కానీ చూడవలసింది చూసేశాను. బండ దగ్గరికి పోయి కొత్త పొట్ట గీశాను. గట్టి పొట్ట. గళ్ళు గళ్ళుగా, ఒక్కొక్క కండా ఉబ్బి, లెక్కపెట్టుకునేటట్టు తీర్చాను. ఈసారి తాత మెచ్చుకుంటాడని నమ్మకం. ఆయన మళ్ళీ ముక్కు ఆనించి చూశాడు.

“ఇది పొట్టనా పాపా, కోడిగుడ్ల అట్టనా?”

“గంపలు మోసేవాళ్ళ పొట్ట ఇట్లనే ఉండాది తాతా. నేను చూసినాను.”

“వాళ్ళు గంప మోస్తా ఉండారు. మనోడు ఏం మోస్తా ఉండాడు?”

తాత నా పక్కన బండకు ఆనుకుని కూర్చున్నాడు. అసురుడు ఏం చేస్తున్నాడో చెప్పమన్నాడు. చచ్చిపోతున్నాడు అన్నాను.

“ఇంకా సావలేదు. పడిపోయినాడు, అంతే. అమ్మ వస్తా ఉండాది, అడుగుల సప్పుడు వినపడతా ఉండాది. వానికి లేసేదానికి చాతకాదు. అట్లాంటోడి పొట్ట ఎట్లుంటాది?”

“నాకెట్ల తెలుస్తాది తాతా?”

“మొన్న నక్క వచ్చినప్పుడు నువ్వు యాడ ఉండావు?”

అంతకు కొద్దిరోజుల ముందే, పొదల్లో నుంచి నక్క వచ్చి మందలో పడింది. నేను మేకపిల్లను పొట్టకు అదుముకుని బండ సందులో నక్కి కూర్చున్నాను. తాత ఆ మాట అనగానే నా చెయ్యి దానంతట అదే నా పొట్ట మీదికి పోయింది. కళ్ళు మూసుకున్నాను. ఆ సందు, ఆ గురగుర, మేకపిల్ల గుండె కొట్టుకోవడం అన్నీ గుర్తొచ్చాయి. నా పొట్ట పక్కటెముకల కిందికి దూరిపోయింది. ఎముకల అంచు గోడలా నిలబడింది. దాని కింద లోయ. నిలువు కండలు తాడులా సాగి, బొడ్డు లోపలికి పోయింది. నేను ఊపిరి వదలడం మరిచిపోయాను.

“అదీ” అన్నాడు తాత. ఆయనకు నా ముఖం కనపడి ఉండదు. నేను ఊపిరి బిగబట్టడం విని ఉంటాడు. “తల వాళ్ళది. వాళ్ళు కోరలు పెడతారు, గుడ్లు ఉరిమి చూసేటట్టు పెడతారు. పెట్టనీ. అది వాళ్ళ పని. పొట్ట మనది. పొట్టకు కోరలు ఉండవు పాపా. చెడ్డోడి పొట్ట అని వేరేగా ఒకటి ఉండదు. వాడూ వాళ్ళమ్మ దగ్గర ముద్ద తిన్నోడే. ముఖం చూసి భయపడినోళ్ళు పొట్ట కాడికి వచ్చేసరికి, అయ్యో, వీడూ మనిషేనే అనుకోవాల. అప్పుడే మన ఇంటి పని సరిగ్గా అయినట్టు.”

జాతర చివరి రోజు తెల్లవారేసరికి బయలులో మట్టి కుప్పలు సిద్ధంగా ఉన్నాయి. తాత నా చెయ్యి పట్టుకుని నడిచాడు. నేను సున్నపు నీళ్ళ ముంత పట్టుకుని బొమ్మలోకి అడుగు పెట్టబోయాను. కాళ్ళు చేసే ఇంటాయన అడ్డం వచ్చాడు.

“ఏమన్నా, ఆడబిడ్డను అసురుడి మీదికి ఎక్కిస్తావా? యాడన్నా ఉండాదా ఇది?”

“సాయంత్రం వాని రొమ్ము మీద ఎక్కి నిలబడేది ఎవరప్పా? అమ్మే కదా. ఆయమ్మ మొగోడా?” అన్నాడు తాత.

“చీర కట్టుకోని ఎక్కేది మన పూజారే కదన్నా! వాడు మొగోడే కదా!”

అక్కడున్నవాళ్ళంతా పొట్టలు పట్టుకుని నవ్వారు. పూజారి కూడా నవ్వాడు. నవ్వుతూనే ఒక పొడుగు చెక్క పలక తెప్పించి, రెండు పక్కలా రాళ్ళు పెట్టి, బొమ్మకు అడ్డంగా వేయించాడు. పలక మీద పడుకుని గీస్తే కాలు మోపినట్టు కాదని తీర్పు చెప్పాడు. అలా నేను పలక మీద బోర్లా పడుకుని, కింద వెల్లకిలా ఉన్న అసురుడికి ఎదురుగా పొట్ట చేశాను. ఎండ నడినెత్తికి వచ్చేదాకా చేశాను. బిగిసిన చోట గీత పెట్టాను. మెత్తని చోట అరచేతిని తడిపి నున్నగా వదిలేశాను. నాకు దారి తప్పినట్టనిపించిన ప్రతిసారీ మట్టి చేతినే నా పొట్ట మీద పెట్టుకుని, నక్కను తలుచుకునేదాన్ని. నా పావడా, జాకెట్టు అంతా మట్టి.

ఊరి జనం ఒక్కొక్కరే వచ్చి చూస్తున్నారు. కుమ్మరి ఇంటి పెద్దాయన తల పూర్తి చేసి, చేతులు కడుక్కుని ఇటు వచ్చాడు. ఆయన చేసిన తల నిజంగా భయంకరంగా ఉంది. తెల్లటి కోరలు, కోడిగుడ్డు పెంకుల కళ్ళు, మేక వెంట్రుకల మీసం. ఆయన నా పొట్టను చూసి ముఖం చిట్లించాడు.

“ఇంత తల ఉండేవానికి ఈ బక్క పొట్ట ఏంది? ఊరంతా నవ్వుతాది. అసురుడంటే గుండ్రంగా, కుండ మాదిరి ఉండాల. ఇట్లియ్యి, రెండు గంపల మట్టి పోసి నేను సరిచేస్తాను.”

మట్టి గంప ఎత్తాడు కూడా. నేను పలక మీద అలాగే పడుకుని, రెండు చేతులూ చాచి ఆ పొట్టను కప్పుకున్నాను. ముట్టుకుంటే చెరిగిపోతుందని, తాకీ తాకనట్టు కప్పుకున్నాను.

తాత కర్రతో నేల తడుముకుంటూ వచ్చాడు. కర్ర పక్కన పెట్టి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నా చేతులను మెల్లగా తప్పించి, తన అరచేతిని మట్టి మీద ఆనించాడు. ముందు పక్కటెముకల అంచు. అక్కడి నుంచి లోయలోకి. నిలువు కండల మీద వేళ్ళు ఆగి, అడ్డగీతలను ఒక్కొక్కటిగా దాటి, బొడ్డు దగ్గర నిలిచాయి. బొడ్డు కింద అడ్డగీత లేదని చూసుకుని, డొక్కలు రెండూ తడిమాడు. ఎడమ డొక్క దగ్గర ఆయన చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ ఆగింది. ఆయన పెదవి మీద నవ్వు కదిలింది. తాత చెయ్యి తీయకుండానే అన్నాడు.

“పాపం, వీడు పొద్దున్నుంచి ఏమీ తినలేదప్పా.”

ఎవరో కిసుక్కున నవ్వారు. కానీ ఆ నవ్వు పాకలేదు. ఆడవాళ్ళు ముందుకు వంగి చూస్తున్నారు. చంకలో బిడ్డను ఎత్తుకున్న ఒకామె ‘అయ్యో’ అని మెల్లగా అంది. కుమ్మరి ఇంటి అవ్వ, అంటే ఆ పెద్దాయన భార్యే, అసురుడి తల నుంచి పొట్ట దాకా ఒకసారి, పొట్ట నుంచి తల దాకా ఒకసారి చూసింది. తరువాత గిరుక్కున తిరిగి ఇంటికి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతిలో ఆకు, ఆకులో వేడి రాగిముద్ద ఉన్నాయి.

“ఏమిటికే అది?” అన్నాడు మొగుడు.

“ఆకలితో ఉండేవాణ్ణి ఎవరన్నా సంపుతారా? తిన్నాక సావనీ. నువ్వు ఆ గంప ఆడ పెట్టి, అడ్డం జరుగు” అంది అవ్వ. ఆ ముద్దను అసురుడి పొట్ట పక్కన, మట్టికి తగిలీ తగలనట్టు పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

పెద్దాయన గంప కింద పెట్టాడు. ఏమనుకున్నాడో, చిన్న ముంతతో నీళ్ళు తెచ్చి ముద్ద పక్కన పెట్టాడు. “ముద్ద గొంతుకు అడ్డం పడితే?” అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. పొట్ట వంతు మా ఇంట్లోనే ఉండిపోయింది.

సాయంత్రం డప్పుల మధ్య అమ్మ వచ్చింది. అసురుడి రొమ్ము మీద నిలబడింది. ఊరంతా కేకలు వేసింది. ఆ తరువాత ఎప్పటిలాగే జనం ఎగబడి ఆ మట్టిని పిడికెడు పిడికెడు ఇళ్ళకు తీసుకుపోయారు, గింజలు పోసుకునే గాదెల్లో వేసుకుంటే మంచిదని. అంత కష్టపడి దిద్దిన పొట్ట చూస్తుండగానే ఖాళీ అయిపోయింది. నాకు దుఃఖం వస్తుందనుకున్నాను. రాలేదు. తాత జనంలోకి చెయ్యి పోనిచ్చి ఒక ముద్ద మట్టి తెచ్చి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాడు.

తాత పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ మా ఊళ్ళో, అమ్మ వచ్చేముందు, అసురుడి పొట్ట దగ్గర రాగిముద్ద, ముంతతో నీళ్ళు పెడుతున్నారు. ఇప్పటి పిల్లలు అది ఆదికాలం నుంచీ ఉన్న ఆచారమని అనుకుంటారు. నేను వాళ్ళ మాట దిద్దను, అలాగే అనుకోనిస్తాను.

పెళ్ళయ్యాక నేను హోసూరు పక్కన బాగలూరు వైపు వచ్చి, గులాబీలు పెంచే షెడ్లలో చాలా ఏళ్ళు పని చేశాను. అక్కడి మేస్త్రి నోరు మంచిది కాదు. నీళ్ళు తాగడానికి ఆగినా అరిచేవాడు. అతణ్ణి తిట్టుకోని రోజు ఉండేది కాదు. ఒక మధ్యాహ్నం ఎరువు మూటల మీద వెల్లకిలా పడి నిద్రపోతుంటే చూశాను. ఉక్కకు చొక్కా గుండీలు తీసేసుకున్నాడు. పొట్ట పక్కటెముకల కిందికి దిగిపోయి ఉంది. బొడ్డు దగ్గర ఊపిరి చిన్నగా కొట్టుకుంటోంది. నేను తాత చెయ్యిని తలుచుకున్నాను. అతను లేచాక నా క్యారియర్‌లోని ముద్దలో సగం పెట్టాను. అంతా తిన్నాడు. మర్నాడు మళ్ళీ ఎప్పటిలాగే అరిచాడు. అతను మారలేదు. కానీ ఆ తరువాత అతణ్ణి చూసి నాకు భయం వేయలేదు.

నలభై దాటాక పక్కింటి టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. పలక మీద ఆమె గీసిన దాన్ని చూసి, ముందు వేలితో తడిమి, ఎక్కడ బిగిసింది, ఎక్కడ వదులైంది అని చూసుకుని, అప్పుడు బలపం పెట్టేదాన్ని. ఆమె నవ్వేది. నాకు వేరే దారి తెలియదు.

ఎవరి మీదైనా కోపం వచ్చినప్పుడు, మాట నోటి దాకా వచ్చినప్పుడు, ఇప్పటికీ నా చెయ్యి నాకు తెలియకుండానే నా పొట్ట మీదికి పోతుంది. లోపల బండ సందులో ఒక పిల్ల ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంటుంది. ఎదుటి మనిషి లోపలా అలాంటి పిల్ల ఒకటి ఉంటుంది కదా అనుకుంటాను. చెయ్యి కింద కండ కాస్త వదులయ్యేదాకా ఆగుతాను. ఆ తరువాతే నోరు తెరుస్తాను. చాలాసార్లు, భోంచేశారా అనే అడుగుతాను.